ఇల్లు కట్టి చూడు – నలుగురూ కలిసి చూడు

(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పావుగంట మాట్లాడమన్నారు. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో గుమాస్తాకు రాయడమే తప్ప మాట్లాడే అవకాశం ఎక్కడ వస్తుంది? అందుచేత చెప్పదలచుకున్నదంతా నోట్ ఫైలులాగా రాసుకొచ్చాను. ఉత్తర్వులు జారీ చేయవలసింది మాత్రం మీరే.

ఈ రోజు ప్రాముఖ్యం మీకందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. రక్షణ మంత్రిత్వశాఖలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారాగారు వేసిన కేసు అది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారి ఆధ్వర్యంలో ఐదుగురు న్యాయమూర్తులు విన్నారు. పింఛను అనేది ప్రభుత్వం దయదలచి పడేసే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఆ ఒక్క మాటతో మనం తలెత్తుకుని బ్యాంకుకు వెళ్ళి మన డబ్బు మనం తెచ్చుకోగలుగుతున్నాం.

భిక్షకూ హక్కుకూ తేడా ఏమిటో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తేడాను పట్టుకునే ఈ రోజు ఇంకొక సంగతి మనవి చేయదలచుకున్నాను. అది పేదవాడి ఇంటి సంగతి.

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఈ హాల్లో ఉన్న చాలామంది రెండూ చేసి చూసినవారే. మనం ఇళ్ళెట్లా కట్టామో ఒకసారి గుర్తుచేసుకుందాం. హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు పెట్టుకున్నాం. అది చాలకపోతే జి.పి.ఎఫ్.లోంచి పార్ట్ ఫైనల్ తీశాం. అడ్వాన్సుకు వడ్డీ బజారు వడ్డీలో ఏ మూలకూ రాదు. ముందు అసలు కోసుకున్నారు, తరువాత వడ్డీ కోసుకున్నారు. నెలనెలా పే బిల్లులో కటింగు అయిపోతుంటే మనకు తెలియకుండానే అప్పు తీరింది. బావమరిది వచ్చి సిమెంటు బస్తాలు లెక్కపెట్టాడు. పక్క సెక్షను మిత్రుడు ప్లాను గీయించిపెట్టాడు. తెలిసిన ఓవర్సీయరు ఒకసారి వచ్చి సెంట్రింగు చూసి వెళ్ళాడు. అంటే మన ఇంటికి మూడు ఆధారాలు దొరికాయి: నడ్డి విరగని అప్పు, కాగితం నడిపే తెలివి, పక్కన నిలబడే మనుషులు. ఈ మూడూ లేకుండా జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో ఇల్లు కట్టినవారు ఈ సభలో ఉంటే చెయ్యెత్తండి. నేనైతే ఎత్తలేను.

ఇప్పుడు కూలి చేసుకునే కుటుంబం సంగతి చూడండి. ప్రభుత్వ సాయం లేదని ఎవరూ అనరు. కేంద్ర ప్రభుత్వపు ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైంది. 2016లో దాని స్థానంలో గ్రామీణ ప్రాంతాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1 లక్షా 20 వేలు ఇస్తుంది. మన రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న ఒకప్పుడు మన ఖమ్మం జిల్లాలోనే ఉన్న భద్రాచలంలో ప్రారంభించారు. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షలు. మంచిదే. అయితే ఆ డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు, రాకూడదు కూడా. దశలవారీగా వస్తుంది. మొదటి లక్ష బేస్మెంటు పూర్తయ్యాకనే.

“పూర్తయ్యాకనే” అన్న మాట దగ్గర ఆగండి. బిల్లులు పాస్ చేసినవాళ్ళం మనం. పని కాకుండా డబ్బు ఇస్తే ఏమవుతుందో మనకు తెలుసు. కాబట్టి ఆ నిబంధన తప్పు కాదు. కానీ రోజుకూలి మీద బతికే మనిషి బేస్మెంటుదాకా దేంతో కడతాడు? రాయి, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి ముందు పెట్టాలి. బ్యాంకువాడు ఇవ్వడు. జి.పి.ఎఫ్. లేదు. మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీ. ఒక లక్ష అప్పు తెచ్చాడనుకోండి, నెలకు 3,000 వడ్డీ. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే 18,000. సిమెంటు బస్తా 350 రూపాయలనుకున్నా యాభై బస్తాలకు పైన సిమెంటు వడ్డీలో కలిసిపోయింది. ఇక గోడ లేచేదెప్పుడు?

మీరు సాయంకాలం నడకకు వెళ్ళినప్పుడు గమనించండి. ఊరి చివర కాలనీల్లో బేస్మెంటు దగ్గరో, కిటికీల ఎత్తు దగ్గరో ఆగిపోయిన ఇళ్ళు కనబడతాయి. ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఆకాశంలోకి చూస్తుంటాయి. పక్కనే రేకుల పందిట్లో ఆ కుటుంబం కాపురం చేస్తుంటుంది. వాళ్ళు సోమరులై ఆపలేదు. మనకు దొరికిన మూడు ఆధారాలూ వాళ్ళకు దొరకక ఆగిపోయాయి.

ఈ సమస్య మన ఊరికే కొత్తగా పుట్టింది కాదు. దీనికి ఒక దారి కనిపెట్టినవారు అమెరికాలో ఉన్నారు. వారి కథ కొంచెం చెబుతాను. ఎందుకంటే అది తిరిగి తిరిగి మన ఖమ్మానికే వస్తుంది.

జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్కన క్లారెన్స్ జోర్డన్ అనే ఆయన 1942లో కొయినోనియా అనే వ్యవసాయ క్షేత్రం పెట్టారు. నల్లవారూ తెల్లవారూ కలిసి పనిచేసి, కలిసి భోజనం చేసే చోటు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అది సామాన్యమైన సాహసం కాదు. 1950లలో ఊరివాళ్ళు వారి సరుకు కొనడం మానేశారు, కాల్పులు జరిపారు. అయినా వారు కదలలేదు.

అక్కడికి 1965 చివరలో మిలార్డ్ ఫుల్లర్ అనే లాయరు వచ్చాడు. ముప్పయ్యేళ్ళు నిండకముందే వ్యాపారంలో పది లక్షల డాలర్లు గడించినవాడు. సంపాదన పెరిగిన కొద్దీ కాపురం చెడింది, భార్య లిండా విడిచి వెళ్ళింది. అప్పుడు కళ్ళు తెరిచి, ఇద్దరూ మాట్లాడుకుని, ఆస్తి అమ్మేసి పంచిపెట్టి కొత్త జీవితం మొదలుపెట్టారు. 1968లో జోర్డన్, ఫుల్లర్ కలిసి ఒక ఆలోచన చేశారు. చుట్టుపక్కల పాక ఇళ్ళల్లో ఉన్న పేద కుటుంబాలకు ఇళ్ళు కట్టాలి. ఉచితంగా ఇవ్వకూడదు. లాభం తీసుకోకూడదు. వడ్డీ అసలే తీసుకోకూడదు. పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోరాదన్న బైబిలు నియమం వారికి ఆధారం. కుటుంబం నెలనెలా కట్టే వాయిదా ఒక నిధిలో పడాలి, ఆ నిధితో ఇంకొకరి ఇల్లు లేవాలి. కట్టే పనిలో ఆ కుటుంబమూ, ఊళ్ళో స్వచ్ఛంద సేవకులూ కలిసి చెయ్యి వేయాలి. మొదటి ఇల్లు పూర్తి కాకముందే 1969లో జోర్డన్ కన్నుమూశారు. ఆలోచన మాత్రం ఆగలేదు.

1973లో ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాలో అప్పటి జైరె దేశంలోని బండకా పట్టణానికి వెళ్ళి మూడేళ్ళు ఇదే పద్ధతిలో ఇళ్ళు కట్టించారు. తిరిగి వచ్చి 1976లో స్థాపించిన సంస్థే ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’. నేడు అది 60కి పైగా దేశాల్లో పనిచేస్తోంది. భారతదేశంలో అది ఎక్కడ మొదలైందో తెలుసా? ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. 1983లో మన ఖమ్మంలో! మనలో చాలామంది ఆ రోజుల్లో ఇదే జిల్లాలో ఉద్యోగాలు వెలగబెడుతున్నాం. ప్రపంచమంతా పేరుపడిన ఒక పని మన ఇంటి గడపలో మొదటి అడుగు పెట్టిందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మన పిల్లలకు చెప్పుకోదగ్గ సంగతి ఇది.

ఆ పద్ధతిలో నాకు నచ్చిన మాట ఒకటుంది. తెలుగులో దాన్ని ‘చెమట వాటా’ అనవచ్చు. డబ్బు వాటా పెట్టలేని కుటుంబం తన చెమటను వాటాగా పెడుతుంది. తన ఇంటికీ, తోటివారి ఇళ్ళకీ కలిపి కొన్ని వందల గంటలు పనిచేయాలి. ఇటుకలు మోయడం, రంగులు వేయడం, అదీ చేతకానివారు లెక్కలు రాయడం, వచ్చినవారికి మంచినీళ్ళు అందించడం. ఏ పని చేసినా గంట గంటే. అప్పుడా ఇల్లు వారికి ఎవరో ఇచ్చింది కాదు, వారు సంపాదించుకున్నది. నకారా తీర్పులో మన పింఛను గురించి చెప్పిందీ ఇదే కదా!

రిటైరైనవారం కనుక ఇంకొక రిటైరైన ఉద్యోగి సంగతి చెబుతాను. ఆయన చేసిన ఉద్యోగం అమెరికా అధ్యక్ష పదవి. జిమ్మీ కార్టర్‌గారిది అమెరికస్‌కు దగ్గరలోని ప్లెయిన్స్ అనే పల్లెటూరు. వారి తల్లి లిలియన్‌గారు దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో, 1966–68 మధ్య, బొంబాయి విఖ్రోలీలో నర్సుగా సేవ చేసి వెళ్ళిన మహాతల్లి. కొడుకు 1980 ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికి వచ్చారు. 1984లో భార్య రోజలిన్‌గారితో, తోటి వాలంటీర్లతో బస్సులో న్యూయార్కు వెళ్ళి, శిథిలమైన ఒక ఆరంతస్తుల భవనాన్ని పందొమ్మిది కుటుంబాలకు ఇళ్ళుగా మార్చే పనిలో సుత్తి పట్టారు. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించి వెళ్ళిపోలేదు. దాదాపు ఏటేటా ఒక వారం అట్లాగే పనిచేస్తూ వచ్చారు. 2006లో మహారాష్ట్రలో లోనావాలా దగ్గర మాలవ్లీ గ్రామానికి వచ్చారు. వయసు 82. దాదాపు రెండు వేలమంది వాలంటీర్లతో అక్కడ వంద ఇళ్ళ పని సాగింది. 2019లో 95 ఏళ్ళ వయసులో ఇంట్లో జారిపడి నుదుటి మీద 14 కుట్లు పడ్డాయి. అదే రోజు సాయంత్రానికి నాష్‌విల్ అనే నగరానికి చేరి, మర్నాడు నల్లబడిన కంటితోనే పనిలోకి దిగారు. వందేళ్ళు నిండి 2024 డిసెంబరు 29న కాలం చేశారు.

ఇదంతా చెప్పి మిమ్మల్ని నిచ్చెనలెక్కమని నేననడం లేదు. డాక్టరుగారు బస్తా మోయవద్దన్నారు, మా ఆవిడ బక్కెట్టు కూడా మోయవద్దంది. పదవి పోయాక కూడా మనిషికి పని ఉంటుందని చెప్పడమే నా ఉద్దేశం.

అది క్రైస్తవుల సంస్థ కదా, విదేశాల డబ్బు కదా, మనకెట్లా కుదురుతుందని మీరడగవచ్చు. వారు ఇల్లు కట్టేటప్పుడు కులమతాలు చూడరు. అదీగాక, ఈ పని చేయడానికి విదేశం పోనక్కరలేదు. కేరళలో 1972లో ఎం.ఎన్. గోవిందన్ నాయర్‌గారు గృహనిర్మాణ మంత్రిగా ఉండగా లక్ష ఇళ్ళ పథకం పెట్టారు. ప్రతి పంచాయతీలోనూ స్థలంలేని కూలీలకు ఇళ్ళు. ప్రభుత్వం ఒక చెయ్యి వేస్తే, పంచాయతీలు విరాళాలు పోగుచేశాయి, విద్యార్థులు, యువకులు శ్రమదానం చేశారు. మన తెలుగునాట 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది చనిపోయారు. అప్పుడు ఎక్కడెక్కడి స్వచ్ఛంద సంస్థలవారో, అన్ని మతాలవారూ, ఏ మతంతో పనిలేనివారూ వచ్చి ఊళ్ళు తిరిగి నిలబెట్టారు. అసలు మన పల్లెల్లో పూరిల్లు కప్పడమంటే ఒక్కరి పనా? ఇంటికొకరు వచ్చి తాటాకు అందించేవారు, వాసాలు కట్టేవారు. ఆ పూట భోజనం ఇంటివారిది. రేపు వాళ్ళ ఇల్లు కప్పేటప్పుడు వీళ్ళు వెళ్ళేవారు. పేరు పెట్టలేదు గానీ, అదీ చెమట వాటానే.

అయితే ఈ వాలంటీర్ల పద్ధతి మీద విమర్శ లేకపోలేదు. వేలు పోసి విమానం ఎక్కి వచ్చి, పార పట్టడం రానివారు వారం రోజులు ఇటుకలు పేరిస్తే ఏమొస్తుంది, ఆ ఛార్జీల డబ్బుతో స్థానిక మేస్త్రీలకే పని ఇవ్వవచ్చు కదా అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, తాపీ పని మేస్త్రీదే. ఆయన కూలి ఆయనకు పూర్తిగా ముట్టాలి. సేవ పేరుతో కూలివాడి నోటి దగ్గర కూడు తీయకూడదు. మట్టి నింపడం, ఇటుకలందించడం, గోడకు నీళ్ళు కొట్టడం వంటి ఇంటివారు చేసుకునే పనిలో సాయపడాలి. ఇంకా ముఖ్యంగా, ఇంటివారికి చేతకాని పనిలో సాయపడాలి. ఆ పని కాగితం పని. అది మనకు వచ్చు.

మా వీధిలో ఈ ఏడాది జరిగింది చెబుతాను. పేర్లు చెప్పను, అవసరం లేదు. భర్త హమాలీ. భార్య సీజనులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇద్దరు పిల్లలు. ఇల్లు మంజూరైంది. ఉన్న డబ్బంతా పెట్టి పునాదిరాయి వేశారు. బేస్మెంటులో మొరం నింపకముందే చేతులు ఖాళీ అయ్యాయి. వానలొచ్చాయి. పునాది గోతుల్లో నీళ్ళు నిలిచాయి. మా మిత్రబృందం ఐదుగురం రోజూ ఉదయం నడకలో అటే వెళుతుంటాం. ఒకరు రిటైరైన వర్కు ఇన్స్పెక్టరు, ఒకరు ట్రెజరీలో అకౌంటెంటు చేసినవారు, ఒకరు టీచరమ్మగారు, ఒకరు సహకార శాఖ ఆయన, నేను.

ముందు మేం వెళ్ళి ఏం చేయాలో వారికి చెప్పలేదు. ఏం ఆగిందో అడిగాం. “మొరం పోసేవాళ్ళు లేరు, మేస్త్రీ అడ్వాన్సు అడుగుతున్నాడు” అన్నాడాయన. మా మనుమడు, వాడి కాలేజీ స్నేహితులు రెండు ఆదివారాలు తట్టలు పట్టుకుని మొరం నింపారు. మొదటి పూటకే వాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ ఇంటాయన వాళ్ళకు పార పట్టుకోవడం నేర్పాడు. మా ఐదుగురం తలా 8,000 వేసి 40,000 ఇచ్చాం, వడ్డీ లేదు, బిల్లు రాగానే తిరిగి ఇవ్వాలి. ఆ సంగతి తెల్లకాగితం మీద రాసుకున్నాం, భార్యాభర్తలిద్దరూ సంతకం చేశారు. ఇన్స్పెక్టరుగారు కుర్చీ వేసుకుని కూర్చుని మాలు ఎట్లా కలుపుతున్నారో చూశారు. నీళ్ళ గొట్టంతో మట్టం చూపించారు. ఇసుక పాలు ఎక్కువైందని ఒక పూట మేస్త్రీతో పోట్లాడారు కూడా. మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి టీ తాగారు.

బేస్మెంటు పూర్తయింది, ఫోటో తీసి పంపారు. డబ్బు రాలేదు. నెల గడిచింది. ఆమె రెండుసార్లు పనిమానుకుని తిరిగి వచ్చింది. అప్పుడు నేను కాగితాలు అడిగి చూశాను. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంది, అదీ వెనక. మంజూరు కాగితంలో మూడో రకంగా ఉంది. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురైంది! ఇట్లాంటివి సర్వీసులో ఎన్ని సరిచేశాం మనం! దరఖాస్తు రాసి, జిరాక్సులు జతచేసి, ఆమెతో వెళ్ళి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, వారం తరువాత ఆ కాపీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. పని అయింది. లక్ష ఖాతాలో పడింది.

డబ్బు పడిన రెండో రోజు ఆమె మా ఇంటికి వచ్చి 40,000 లెక్కపెట్టి ఇచ్చింది. నేను లోపలికి తీసుకెళ్ళబోతుంటే, “సారూ, రసీదు రాసియ్యండి. రేపు ఎవరన్నా నేను ఊరికే తీసుకున్నానంటే చూపిచ్చుకోవాలె” అంది. నేను వెంటనే రాసిచ్చాను. నా సర్వీసులో వేల రసీదులు చూశాను గానీ, అంత గౌరవంగా అడిగి తీసుకున్న రసీదు ఇంకొకటి చూడలేదు. ఆ కాగితం ఆమెకు ఇంటి పట్టాతో సమానం.

తరువాత గోడలు లేచాయి. గోడలకు నీళ్ళు కొట్టడానికి సాయంత్రాలు తల్లీతండ్రీ పోతే, పిల్లలిద్దరినీ టీచరమ్మగారు కూర్చోబెట్టి చదివించారు. స్లాబు వేసిన రోజు వీధి అంతా అక్కడే ఉంది. ఇంకొక సంగతి. మా పక్క వీధిలో ఇంకొకరి బేస్మెంటు మొదలైనప్పుడు, ఎవరూ చెప్పకుండానే ఆమె వెళ్ళి ఒక పూట తట్టలు మోసి వచ్చింది. 1968లో అమెరికస్‌లో జోర్డన్‌గారు వేసిన లెక్క మా వీధిలో సరిపోయింది.

ఈ విషయం మన కార్యవర్గ సమావేశంలో చెబితే మిత్రులు కొన్ని అభ్యంతరాలు లేవదీశారు. వాటిని దాచకుండా మీ ముందు ఉంచుతాను.

మొదటిది: మన డి.ఏ. బకాయిలకే దిక్కులేదు, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు మనకెందుకు? బకాయిల కోసం పోరాటం మానమని నేననడం లేదు. ఆ ధర్నాకు నేనూ వస్తాను. కానీ మన కోసం మనం అడిగేటప్పుడు ఊరు మన పక్కన నిలబడాలంటే, ఊరి కోసం మనం ఎప్పుడైనా నిలబడి ఉండాలి కదా.

రెండోది: డబ్బు తిరిగి రాకపోతే? మంచి ప్రశ్న. అందుకే మంజూరు ఉత్తర్వు చేతిలో ఉన్నవారికే, రాబోయే బిల్లును బట్టే, పరిమితి పెట్టి ఇవ్వాలి. పని దశ చూసి ఇవ్వాలి. ఒక్కోచోట ఆలస్యం కావచ్చు. రోగమో, చావో వస్తే గడువు పెంచవలసిరావచ్చు. మనకూ అడ్వాన్సు రికవరీ వాయిదా వేయించుకున్న సందర్భాలు లేవా?

మూడోది: కట్టించి ఇస్తున్నామని ఫోటోలు దిగి పేపర్లో వేయించుకునేవారు తయారవుతారు. ఈ భయం నాకూ ఉంది. సాయం చేసే చెయ్యి పైచేయి కాకూడదు. కాబట్టి ఇంటి మీద మన సంఘం పేరు రాయకూడదు. రాతిఫలకం వద్దు. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళి భోంచేసి రావాలి, అంతే. పిలవకపోతే కోపం తెచ్చుకోకూడదు.

ఇక నా ప్రతిపాదన. దీన్ని తీర్మానంగా పరిశీలించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.

ఒకటి: మన సభ్యుల్లో ఇష్టమున్న వందమంది ఒక్కసారి 2,000 చొప్పున వేస్తే 2 లక్షలవుతుంది. ఇది విరాళం కాదు, తిరుగుడు నిధి. ఒక్కో కుటుంబానికి 50,000 చొప్పున నాలుగు కుటుంబాలకు వడ్డీలేకుండా ఇవ్వవచ్చు. నాలుగు నెలలకొకసారి తిరిగి వచ్చిందనుకుంటే ఏడాదికి పన్నెండు కుటుంబాలు. మనం వేసిన డబ్బు తరగదు, నూటికి మూడు వడ్డీ మాత్రం పన్నెండు ఇళ్ళ జోలికి పోదు.

రెండు: నిధికి వేరే పాస్ పుస్తకం, ఇద్దరి సంతకాలు, చెల్లింపులన్నీ ఖాతాలోకే. రోకడి రాతప్రతి ఒకటి ఎప్పుడూ ఆఫీసు బల్ల మీద ఉండాలి, ఎవరైనా చూడవచ్చు. ఏడాదికొకసారి ఆడిట్. మన ఆడిటర్లు మనలోనే ఉన్నారు. వారి ఆబ్జెక్షన్లకు మనం సర్వీసులో పడ్డ పాట్లు చాలు, ఈసారి మన తరఫున పనిచేస్తారు.

మూడు: ఒక్కో ఇంటికి ఇద్దరు సభ్యులు. ఒకరు కాగితం చూడాలి: పేర్లు, ఖాతా, పట్టా, బిల్లు దశ. ఇంకొకరు పని చూడాలి: మాలు, కంకర, ఇనుము, నీళ్ళు కొట్టడం. సిమెంటు పనికి నీళ్ళు కొట్టడం మందుకు పథ్యం లాంటిది. ఏడు రోజులన్నా తడి ఆరకుండా చూస్తే గోడకు బలం. ఇది చెప్పేవాళ్ళు లేకనే చాలా ఇళ్ళు నాలుగేళ్ళకు బీటలిస్తున్నాయి.

నాలుగు: సంఘసభ్యుల మనుమలు, మనుమరాళ్ళు నెలకొక ఆదివారం పనిలోకి రావాలి. బలవంతం లేదు. పార పట్టి చూసిన పిల్లవాడు జన్మలో కూలివాణ్ణి చులకనగా మాట్లాడడు. ఆ ఒక్క లాభం చాలు.

అయిదు: కుటుంబాలను ఎంచేటప్పుడు సిఫార్సులు పనికిరావు. ముందు ఎవరి పని ఆగిందో, ఎవరింట్లో వయసుపైబడినవారు, పసిపిల్లలు, వికలాంగులు ఉన్నారో చూసి, కారణం రాసి ఎంచాలి. ఎందుకు ఎంచామో రాయలేకపోతే ఎంచకూడదు. గుమాస్తాగా నేను నేర్చుకున్న నీతి ఇదొక్కటే.

మిత్రులారా, ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయాలి. లక్షల ఇళ్ళు మనం కట్టలేం, కట్టనక్కరలేదు కూడా. ప్రభుత్వం ఇచ్చే డబ్బుకూ, ఆ కుటుంబం పెట్టే చెమటకూ మధ్యలో ఒక చిన్న ఖాళీ ఉంది. నాలుగు నెలల అప్పు, నాలుగు కాగితాలు, పక్కన నిలబడే ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఇళ్ళు పడి ఆగిపోతున్నాయి. మన ఇళ్ళు కట్టుకున్న రోజుల్లో ఆ ఖాళీని ఎవరో పూడ్చారు కనుకనే ఈ రోజు మనం సొంత ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాం.

హాలు బయట బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. మొదటి పేజీలో నాలుగు గళ్ళు గీశాను: పేరు, చేసిన శాఖ, చేయగల పని, వీలున్న రోజు. డబ్బు గడి వేయలేదు, అది వేరే పుస్తకం. భోజనాలకు ముందు సంతకం చేస్తారో, తరువాత చేస్తారో మీ ఇష్టం. ప్రస్తుతానికి మనముందు బేస్మెంటు దగ్గర ఆగిన ఇళ్ళు మూడున్నాయి. సంక్రాంతిలోపల పని మొదలైతే ఎండాకాలానికి స్లాబులు పడతాయి.